సెట్ అయిందా, చెల్లయిందా?

"ఇంగ్లీషులో అన్నిటికన్నా ఎక్కువ అర్థాలున్న మాట సెట్. మొత్తం 430 అర్థాలు! పది మందికి షేర్ చేయండి." ఈ ఫార్వర్డ్ మీ ఫ్యామిలీ గ్రూపులో కూడా ఏదో ఒక పొద్దున, గుడ్ మార్నింగ్ గులాబీల పక్కన కనిపించే ఉంటుంది. అది అబద్ధమేం కాదు. పాతబడిపోయిన నిజం.

ఆక్స్‌ఫర్డ్ పెద్ద డిక్షనరీ మొదటి ఎడిషన్ 1928లో పూర్తయింది. రెండోది 1989లో 20 సంపుటాలుగా వచ్చింది. రెండిట్లోనూ అన్నిటికన్నా పొడుగాటి ఎంట్రీ సెట్‌దే. రెండో ఎడిషన్‌లో అయితే 430 అర్థాలు, వాటి వివరణకి దాదాపు 60,000 పదాలు. అంటే ఒక్క మాటకి ఒక నవలంత చోటన్నమాట. ఆ తర్వాత మూడో ఎడిషన్ పని మొదలయ్యాక సీను మారిపోయింది. రన్ అనే మాటను కొత్తగా సవరించి చూస్తే, దాని క్రియకే 645 అర్థాలు తేలాయి. పీటర్ గిలివర్ అనే ఎడిటర్ ఆ ఒక్క మాట మీద తొమ్మిది నెలలు కూర్చున్నారు. మనుషులు పరిగెత్తడం ఎప్పటి నుంచో ఉంది, కానీ రైళ్ళు, మోటార్లు, ఫ్యాక్టరీలు, ప్రోగ్రాములు వచ్చాక అన్నీ రన్ అవ్వడం మొదలుపెట్టాయి. అందుకే అది ముందుకెళ్ళిపోయింది.

అయినా నా ఓటు సెట్‌కే. రన్ మన దగ్గర క్రికెట్ గ్రౌండు దాటి పెద్దగా లోపలికి రాలేదు. సెట్ అలా కాదు. వంటింట్లో ఉంది, పొలంలో ఉంది, పరీక్ష హాల్లో ఉంది, పెళ్ళి మాటల్లో కూడా ఉంది.

మన తాతల కాలంలో రేడియో సెట్, ఆ తర్వాత టీవీ సెట్. రకరకాల భాగాలు కలిపి బిగించిన యంత్రం అని అర్థం. టీవీ సెట్ మీద పెట్టే పెట్టె కాబట్టి దానికి సెట్ టాప్ బాక్స్ అని పేరొచ్చింది. ఇప్పటి టీవీ మీద బాక్సు కాదు గదా అగ్గిపెట్టె కూడా నిలబడదు. పేరు మాత్రం నిలబడింది. పొలంలో పంపుసెట్ కూడా అదే లెక్క, మోటారు ఒకటి, పంపు ఒకటి, రెండూ కలిస్తే సెట్. 2004లో ఉచిత కరెంటు ఫైలు మీద మొదటి సంతకం అయినప్పటి నుంచి ఆ మాట రానిదే మన రాజకీయ ప్రసంగం పూర్తవదు.

టిఫిన్ సెంటర్లో సెట్ దోశ. కర్ణాటక నుంచి వచ్చింది. మెత్తటి చిన్న దోశలు రెండో మూడో కలిపి ఇస్తారు కాబట్టి సెట్. పెళ్ళికి నెక్లెస్ సెట్, గృహప్రవేశానికి డిన్నర్ సెట్, ఓనంకి మలయాళీ ఫ్రెండు కట్టుకొచ్చే సెట్ ముండు. ఇవన్నీ ఒక జట్టు, ఒక జోడు అన్న అర్థంలో. జిమ్‌కి వెళ్తే మూడు సెట్లు, పన్నెండు రెప్స్. పరీక్ష హాల్లో పక్కవాడి వైపు మెడ తిప్పే ముందు అడగాల్సిన మొదటి ప్రశ్న, "నీది ఏ సెట్రా?"

సినిమా సెట్ గురించి మనకి ఎవరూ చెప్పక్కర్లేదు. ఒక్కడు కోసం చార్మినార్‌నే దింపారు, బాహుబలి కోసం మాహిష్మతిని లేపారు. ఇక్కడ ఒక తమాషా గమనించండి. ఇల్లు కడతాం, గుడి కడతాం, కానీ సెట్ మాత్రం వేస్తాం. పందిరి వేసినట్టు, నాటకం వేసినట్టు. ఎవరు నేర్పారో గానీ, అది ఎల్లకాలం ఉండేది కాదని ఆ క్రియలోనే చెప్పేశాం.

వాలీబాల్ ఆడినవాళ్ళకి ఇంకో రెండు అర్థాలు తెలుసు. 25 పాయింట్లకి ఒక సెట్. ఆ సెట్ లోపల, స్మాష్ కొట్టేవాడి కోసం నెట్ పక్కన బంతిని మెత్తగా పైకి లేపడం కూడా సెట్టే. లేపేవాడు సెట్టర్. "సెట్టర్ సరిగ్గా సెట్ చేయక సెట్ పోయింది" అని మా ఊరి గ్రౌండులో ఎవరైనా అంటే, అందులో మూడు సెట్లున్నాయని అక్కడ ఎవడూ ఆశ్చర్యపోడు. బ్యాడ్మింటన్‌లో మాత్రం రూల్స్ ప్రకారం దాన్ని గేమ్ అనాలి. సింధు ఆడుతుంటే మనం సెట్ అనే అంటాం, అనేవాళ్ళని ఆపే ఉద్దేశం నాకు లేదు. టెన్నిస్ సెట్ ఎంతసేపు సాగుతుందో చెప్పాలంటే 2010 వింబుల్డన్ చాలు. ఇస్నర్, మహుత్ ఆడిన ఆఖరి సెట్ 70-68. ఆ ఒక్క సెట్టే ఎనిమిది గంటలు దాటింది.

మనవాళ్ళని ఇబ్బంది పెట్టే ఇంకో సెట్ ఉంది, అది అసలు సెట్టే కాదు. ఐసెట్, ఈసెట్, లాసెట్, ఎడ్‌సెట్. ఎంసెట్ పేరు ఆంధ్రలో 2021లో, తెలంగాణలో 2024లో ఈఏపీసెట్ అయింది గానీ తోక మారలేదు. ఆ తోక 'కామన్ ఎంట్రన్స్ టెస్ట్'కి పొట్టి పేరు. ఇంగ్లీషులో స్పెల్లింగ్ వేరు, తెలుగులో రాస్తే తేడా లేదు. "సెట్‌ల తేదీలు సెట్" అని పేపర్లో హెడ్డింగ్ పెడితే మనకి టక్కున అర్థమవుతుంది. పక్క రాష్ట్రం వాడికి తల తిరుగుతుంది.

ఇక లెక్కల సెట్. తెలుగు మీడియంలో చదివినవాళ్ళకి అది సమితి. శూన్య సమితి, ఉపసమితి. ఇంటర్‌లోనో బీటెక్‌లోనో ఇంగ్లీషు మీడియంలోకి దూకినప్పుడు, బోర్డు మీద ఎంప్టీ సెట్ అని కనిపిస్తే అదేదో కొత్త చాప్టరని భయపడేవాళ్ళు ఉంటారు. తొమ్మిదిలోనో పదిలోనో మార్కులు తెచ్చుకున్న చాప్టరే అది. ఆ మాటకొస్తే సమితి మాత్రం ఏమంత తిన్నటి మాట? ఐక్యరాజ్యానికీ సమితే, పార్టీకీ సమితే, ఏమీ లేని బ్రాకెట్లకీ సమితే.

లెక్కల సెట్‌కి ఒక కఠినమైన రూలు, ఒకే వస్తువు రెండుసార్లు లెక్కకి రాదు. పైథాన్ నేర్చుకునేవాళ్ళకి ఇది బాగా తెలుసు. లిస్టులో ఒకే నంబరు నాలుగుసార్లున్నా, సెట్‌లోకి మార్చగానే ఒక్కటే మిగులుతుంది. బంగారు కొట్లో సెట్ దీనికి పూర్తి వ్యతిరేకం. అక్కడ రెండు కమ్మలూ ఒకేలా లేకపోతే మా అక్క సెట్ అని ఒప్పుకోదు. ఆ కమ్మల జతని పైథాన్ చేతికిస్తే ఒక చెవికే మిగిల్చి ఇస్తుంది.

ఇన్ని అర్థాలు ఒకే మాటకి ఎలా వచ్చాయి? నిజానికి ఇక్కడున్నది ఒక మాట కాదు, రెండు. క్రియగా వాడే సెట్ పాత ఇంగ్లీషుది. సిట్ అంటే కూర్చోవడం, సెట్ అంటే కూర్చోబెట్టడం. మనం తిను నుంచి తినిపించు చేసుకున్నట్టే వాళ్ళు సిట్ నుంచి సెట్ చేసుకున్నారు. రైజ్ నుంచి రెయిజ్ వచ్చింది కూడా ఇలాగే. రాయిని ఉంగరంలో కూర్చోబెడితే సెట్. విరిగిన ఎముకని దాని చోట కూర్చోబెడితే సెట్, పుత్తూరు కట్టు కట్టేవాళ్ళని ఇంగ్లీషులో బోన్ సెట్టర్లే అంటారు. పొద్దు వెళ్ళి కొండ వెనక కూర్చుంటే సన్‌సెట్. జారేది జారడం మానేసి ఒకచోట కుదురుగా కూర్చుంటే అదీ సెట్. పెరుగు తోడుకుంటుంది, సిమెంటు గట్టిపడుతుంది, జెల్లీ బిగుసుకుంటుంది. మనకి మూడు క్రియలు, వాళ్ళకి ఒక్కటే. సివిల్ చదివేవాళ్ళు మామూలు సిమెంటుకి ఇనీషియల్ సెట్టింగ్ టైమ్ 30 నిమిషాలకి తగ్గకూడదనీ, ఫైనల్ 600 నిమిషాలు దాటకూడదనీ బట్టీ పడతారు చూడండి, అక్కడ సిమెంటు ఎంతసేపటికి కుదురుగా కూర్చుంటుందనేదే లెక్క.

జట్టు అనే అర్థంలో సెట్ వేరే దారిలో వచ్చింది. లాటిన్‌లో సెక్టా, అంటే ఒకరి వెనక నడిచే మనుషుల గుంపు. ఇంగ్లీషు సెక్ట్ కూడా దాన్నుంచే. అది పాత ఫ్రెంచిలో సెట్ లాంటి రూపంలోకి వచ్చి, ఇంగ్లీషులో అప్పటికే ఉన్న సెట్‌తో కలిసిపోయింది. ఒకే పేరున్న ఇద్దరు క్లాసులో ఉంటే హాజరు పట్టీ ఎలా గందరగోళం అవుతుందో, డిక్షనరీలో అదే జరిగింది.

నాకు బాగా నచ్చిన సంగతి ఇంకోటుంది. కూర్చోవడం అనే ఆ పాత ధాతువు సంస్కృతంలో సద్. సదస్సు దాన్నుంచే వచ్చింది. గురువు దగ్గర కూర్చోవడం ఉపనిషత్తు. చుట్టూ కూర్చోవడం పరిషత్తు. జిల్లా పరిషత్ హైస్కూల్ అని బోర్డు మీద నీలం రంగుతో రాసి ఉంటుందే, అందులోని చివరి ముక్కా, ఇంగ్లీషు సెట్టూ దూరపు చుట్టాలు. జడ్పీ హైస్కూల్లో చదివాను సార్, నాకు ఇంగ్లీషు రాదు అని తల దించుకునేవాళ్ళు ఈ చుట్టరికం ఒకసారి గుర్తుపెట్టుకోండి.

ఇప్పుడు మనం సొంతంగా తయారుచేసుకున్న అర్థాలు. ఆక్స్‌ఫర్డ్ వాళ్ళ 430లో ఇవి ఉంటాయని నేను హామీ ఇవ్వను. "ఆ షర్టు నీకు సెట్టయింది." "నాకు నైట్ షిఫ్ట్ సెట్ కాదు." "వాడికి సంబంధం సెట్టయింది." "మన ఇద్దరికీ సెట్టవ్వదు, ఫ్రెండ్స్‌లా ఉందాం." "ఇంట్లో నేను సెట్ చేస్తాలే." ఇందులో నప్పడం ఉంది, కుదరడం ఉంది, పడటం ఉంది, ఒప్పించడం ఉంది. సెట్టింగ్ అంటే ఫోన్‌లో ఒకటి, ఆఫీసు కౌంటర్ వెనకాల ఇంకొకటి. సెటప్ అంటే ఆఫీసులో కంప్యూటర్ అమరిక, అరుగు మీద కూర్చున్న పెద్దవాళ్ళు గొంతు తగ్గించి అంటే ఇంకేదో.

ఇది తప్పు ఇంగ్లీషు అని మొహం చిట్లించేవాళ్ళతో నాకు పేచీ. ఇది ఇంగ్లీషే కాదు, మంచి తెలుగు. విభక్తులు మనవి, క్రియ మనది, దిగుమతి అయింది ముడిసరుకు మాత్రమే. ప్రమాదమల్లా ఇక్కడ తయారైన అర్థాన్ని మళ్ళీ ఇంగ్లీషులోకి ఎగుమతి చేసినప్పుడే. ఇంటర్వ్యూలో "బెంగళూరు వెదర్ ఈజ్ నాట్ సెట్ ఫర్ మీ" అంటే అవతలివాడికి అర్థం కాదు. అక్కడ సూట్ అనాలి. "ఐ వాజ్ సెట్ అప్" అంటే నాకు ఉద్యోగం కుదిరింది అని కాదు, నన్ను కావాలని ఇరికించారు అని.

దీంతో నవ్వులపాలైతే ఫర్వాలేదు, మర్నాటికి మర్చిపోతాం. డబ్బు పోయే చోట కూడా ఈ మాట ఉంది. మా అన్నయ్య కొడుకు హైదరాబాద్‌లో మొదటి ఉద్యోగంలో చేరాడు. జీతం పడే బ్యాంకే పిలిచి క్రెడిట్ కార్డు ఇచ్చింది. ఫోను కొన్నాడు, ఊటీ వెళ్ళాడు, మూడు నెలలు బిల్లు కట్టలేదు. ఒకటో తారీఖు జీతం పడింది. రెండో తారీఖు పొద్దున అందులోంచి 18 వేలు మాయం. వచ్చిన మెసేజ్‌లో బకాయిలు మీ అకౌంటుకి ఎదురుగా సెట్ ఆఫ్ చేయబడ్డాయి అని ఇంగ్లీషులో ఉంది. వాడు ఫోన్‌లో అర్థం వెతికాడు. సెట్ ఆఫ్ అంటే బయలుదేరుట అని వచ్చింది. రెండో అర్థం, పేల్చుట.

"బాబాయ్, నా డబ్బులు ఎక్కడికో బయలుదేరాయంట" అని ఫోన్ చేశాడు. గొంతులో ఏడుపు ఉంది. సైబర్ మోసం అనుకుని 1930కి కాల్ చేయబోతున్నాడు. మెసేజ్ పంపరా అన్నాను. చదివాక, అంతకుముందు మెయిల్ ఏమైనా వచ్చిందా అని అడిగితే, వెతికి అదీ పంపాడు. పదిహేను రోజుల క్రితమే రాశారు, మా రైట్ ఆఫ్ సెట్ ఆఫ్‌ను ఎక్సర్‌సైజ్ చేస్తాం అని. వాడికి అది చదివినట్టు గుర్తుంది. బెదిరింపు అని తోచలేదు. నిజమే మరి, ఆ వాక్యంలో తెలియని మాట ఒక్కటీ లేదు. రైట్ తెలుసు, సెట్ తెలుసు, ఆఫ్ తెలుసు, ఎక్సర్‌సైజ్ రోజూ చేస్తాడు.

ఈ సెట్ ఆఫ్‌కి తెలుగులో చక్కటి మాట ఉంది. చెల్లుకు చెల్లు. మీరు కిరాణా కొట్టతనికి 500 బాకీ. అతను మీ దగ్గర పాలు పోయించుకుని 300 బాకీ. రెండూ ఎదురెదురుగా పెట్టి కొట్టేసుకుంటే మీరిచ్చేది 200. బ్యాంకు చేసేదీ అదే. మీ డిపాజిట్ అంటే బ్యాంకు మీకు ఇవ్వాల్సిన బాకీ. మీ కార్డు బిల్లు మీరు బ్యాంకుకి ఇవ్వాల్సిన బాకీ. ఆ హక్కు తమకుందని కార్డు తీసుకునేటప్పుడే ఒప్పందంలో రాసుకుంటారు. మనం కిందికి స్క్రోల్ చేసి 'ఐ అగ్రీ' నొక్కుతాం. అద్దె సంగతి వాళ్ళ నాన్న చూసుకున్నాడు. వాడు ఆ తర్వాత చేసిన తెలివైన పని, బాకీ తీర్చేసి, జీతం ఒక బ్యాంకులో, కార్డు వేరే బ్యాంకులో పెట్టుకోవడం. ఏ బ్యాంకుకైనా చెల్లు వేసుకోవడానికి చేతికందేది తన దగ్గరున్న అకౌంటే కదా. మీరు కూడా ఏ లోన్ యాప్‌లోనైనా ఒప్పందం తెరిస్తే, మొత్తం చదివే ఓపిక లేకపోయినా, సెర్చ్‌లో సెట్ ఆఫ్ అని కొట్టి ఆ పేరా ఒక్కటి చదవండి.

ట్రేడింగ్ చేసేవాళ్ళకి ఇదే మాట ఇన్‌కమ్ టాక్స్‌లో ఎదురవుతుంది. అక్కడ సెట్ ఆఫ్ అంటే ఒకచోట వచ్చిన నష్టాన్ని ఇంకోచోటి లాభంలో చెల్లు వేసుకోవడం. దానికి షరతులున్నాయి. షేర్లలో షార్ట్ టర్మ్ నష్టాన్ని షార్ట్, లాంగ్ రెండు లాభాల్లోనూ చెల్లు వేసుకోవచ్చు. లాంగ్ టర్మ్ నష్టాన్ని లాంగ్ టర్మ్ లాభంలోనే. మిగిలిపోతే 8 ఏళ్ళ దాకా ముందుకి తీసుకెళ్ళొచ్చు, కాకపోతే రిటర్ను గడువులోపు వేసి ఉండాలి. ఫ్యూచర్స్, ఆప్షన్స్‌లో పోయిన డబ్బుని జీతంలోంచి తగ్గించి చూపించడం కుదరదు. క్రిప్టోలో పోతే దేంట్లోనూ చెల్లు కాదు, ఇంకో క్రిప్టోలో వచ్చిన లాభంలో కూడా. రాత్రి పూట గ్రూపుల్లో టిప్పులిచ్చే మహానుభావులు ఈ సెట్ గురించి మాత్రం చెప్పరు.

సెట్ ఎసైడ్ కూడా ఇలాంటిదే. జీతంలో నెలకి రెండు వేలు సెట్ ఎసైడ్ చేశానంటే ఆ డబ్బు భద్రంగా ఉన్నట్టు. నోటిఫికేషన్‌నో ఫలితాలనో హైకోర్టు సెట్ ఎసైడ్ చేసిందంటే, ఆ కోర్టు వరకు అవి చెల్లవన్నట్టే. పక్కన పెట్టింది అని మాటకి మాట తెలుగు చేస్తే, ఏదో వాయిదా వేసిందేమో, మళ్ళీ తీస్తుందేమో అనిపిస్తుంది. నాలుగేళ్ళుగా అశోక్ నగర్‌లో రూము తీసుకుని చదువుతున్నవాడికి ఆ రెండు అర్థాల మధ్య ఉన్న దూరం మామూలుది కాదు. మన విలేకరులు ఇక్కడ "కొట్టేసింది" అని రాస్తే నాకు హాయిగా ఉంటుంది. కాకపోతే పర్సు కొట్టేసేవాడికీ అదే క్రియ అనుకోండి.

అందుకే సెట్ ఆఫ్, సెట్ అప్, సెట్ బ్యాక్, సెట్ ఇన్ అంటూ నలభై లైన్ల పట్టిక బట్టీ పట్టించే రీల్స్ మీద నాకు పెద్ద నమ్మకం లేదు. పట్టికలో మాట ఒంటరిగా ఉంటుంది. బ్యాంకు మెయిల్లో పక్కన బాకీ ఉంటుంది, కోర్టు వార్తలో పక్కన తీర్పు ఉంటుంది. అర్థం చెప్పేది ఆ పక్కనున్న మాటే. ఇది మీకు చేతకాని విద్య కాదు. అలారం పెట్టు, ముహూర్తం పెట్టు, నిప్పు పెట్టు, టార్గెట్ పెట్టు. నాలుగూ ఇంగ్లీషులో సెట్లే. కూర్చోబెట్టులో కూడా చివర ఉన్నది పెట్టే చూశారా? అన్నం పెట్టు, బొట్టు పెట్టు, పేరు పెట్టు, ఫోన్ పెట్టెయ్, గుడ్డు పెట్టింది, కాస్త ఈ పని చేసి పెట్టు. వీటన్నిటినీ మీరు ఐదేళ్ళ వయసుకే ఏ పట్టికా లేకుండా నేర్చుకున్నారు. అమెరికాలో పుట్టి ఇప్పుడు తెలుగు నేర్చుకుంటున్న పిల్లలనడగండి, ఫోన్ పెట్టడం, దణ్ణం పెట్టడం, కోడి పెట్టడం ఒకే మాట ఎలా అయిందో చెప్పమని వాళ్ళ అమ్మమ్మల ప్రాణాలు తోడేస్తున్నారు.

కొట్టుకి ఎన్ని అర్థాలున్నాయో మీరే లెక్క రాసి పంపండి. టీ కొట్టు, హారన్ కొట్టు, బోర్ కొట్టు నేనిచ్చేశాను, అవి చెల్లవు. వచ్చే వారం మాట చార్జ్. కరెంటు బిల్లు, ఫోన్ బ్యాటరీ, ఒక పోలీసు కేసు దగ్గర పెట్టుకుని రండి.